మూడు చీటీల బరువు

నేను ఒక ప్యాకెట్‌ని. ఊరికే ప్యాకెట్ అంటే మీకు చిప్సో షాంపూనో గుర్తొస్తాయి కాబట్టి ముందే చెప్పేస్తాను, నేను జపాన్‌లో అచ్చయిన ఆట కార్డుల ప్యాకెట్‌ని. అరచేయంత పొడవు, మూడు వేళ్ళ వెడల్పు, పైనా కిందా రంపపు పళ్ళలాంటి అంచు, ఒళ్ళంతా వెండి రంగు, దాని మీద ఒంటికన్ను గొడుగు బొమ్మ. కడుపులో ఐదు కార్డులు, ఆట నియమాలు అచ్చేసిన పల్చటి చీటీ ఒకటి ఉండాలి. ఇలాంటివాళ్ళం ముప్ఫైమందిమి ఒక పెట్టె. లోపల ఏముందో కొనేవాడికి తెలియకూడదు, చించి చూసుకోవాలి, ఈ వ్యాపారమంతా దాని మీదే నడుస్తుంది. మామూలు కార్డులే వస్తే మనుషులు ఉసూరుమంటారు. బంగారు పొర వేసిన కార్డు వస్తే ఎగిరి గంతేస్తారు. ఏది జరిగినా నన్ను మాత్రం నేల మీద పారేస్తారు. చిరగడానికే పుట్టిన జాతి మాది, దాని గురించి నాకు పెద్ద ఫిర్యాదు లేదు. నా ఏడుపు వేరే.

నేను పుట్టిన అచ్చు కార్ఖానాలో అన్నీ యంత్రాలే. మనుషులు టోపీలు, చేతి తొడుగులు వేసుకుని వాటి చుట్టూ తిరుగుతూ ఉంటారు. కార్డులు ఒక దారిన వస్తాయి, చీటీలు ఇంకో దారిన వస్తాయి, వెండి కాగితం పైనుంచి జారి వాటిని చుట్టుకుంటుంది, వేడి దవడలు రెండు కొరికి అంచులు మూసేస్తాయి. నా వంతు వచ్చేసరికి చీటీలు ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. ఒకటి పడాల్సిన చోట మూడు పడ్డాయి. కాపలా ఉన్న అమ్మాయి సరిగ్గా అప్పుడే ఆవులించింది. దవడలు మూసుకున్నాయి, అంతే.

కాబట్టి నా కడుపులో ఏముందో లోకం మొత్తంలో నాకొక్కదానికే తెలుసు. ఐదూ మామూలు కార్డులే. ఒంటికన్ను గొడుగు, తెగిన చెప్పు, మూతలేని కూజా, చిల్లుల లాంతరు, మళ్ళీ ఇంకో ఒంటికన్ను గొడుగు. వందేళ్ళు వాడిన వస్తువుకు ప్రాణం వస్తుందని ఆ దేశంలో ఒక నమ్మకం ఉందట, ఆట మొత్తం దాని చుట్టూ అల్లినదే. నాకు వందేళ్ళు అక్కర్లేకపోయింది. ప్రాణమైతే త్వరగానే వచ్చింది కానీ గొంతు రాలేదు. ఆ గొంతు లేకపోవడం వల్ల ఎంత పని జరిగిందో వినండి.

బంగారు పొర ఉన్న కార్డు మామూలు కార్డు కన్నా రవ్వంత ఎక్కువ తూగుతుంది. రవ్వంతే, ఎవరి చేతికీ తెలియదు. కొన్ని చోట్ల అంగళ్ళవాళ్ళు దొంగచాటుగా ప్యాకెట్లను కాటా మీద పెట్టి, బరువైనవి దాచుకుని తేలికవి జనానికి అంటగడతారట. అందుకే ఈ ఆట ఆడేవాళ్ళు తూచిన ప్యాకెట్‌ని ఎంగిలి కూడులా చూస్తారు. నేనేమో లోపల బంగారం లేకుండానే, బంగారం ఉన్నవాటి కన్నా బరువుగా పుట్టాను. రెండు చీటీలు ఎక్కువ. ఆ రెండు చీటీల బరువు మీ కూరలో వేసే కరివేపాకు రెబ్బంత ఉంటుందేమో.

ఓడ దిగి, బెంగళూరులో ఒక అంగడి అలమరలో కొన్నాళ్ళుండి, చివరికి మా పెట్టె పార్శిల్‌లో ప్రొద్దుటూరు చేరింది. బంగారం వ్యాపారానికి పేరున్న ఊరు. అక్కడ ఒక సందులో, రెండు మెట్లెక్కితే, మౌనేశాచారి పని చేసుకునే గది. కుంపటి, ఊదుగొట్టం, గోడకానుకుని అద్దాల పెట్టెలో త్రాసు, నేల మీద చాప. మౌనేశ్‌కు అప్పుడు ముప్ఫై ఎనిమిది. పెళ్ళి కాలేదు. తండ్రి నాగలింగాచారి నేర్పిన పని చేతుల్లో ఉంది గానీ, యంత్రాల నగలు వచ్చాక తెగిన గొలుసులు అతికించడమూ వదులైన రాళ్ళు బిగించడమూ తప్ప చేయించుకునేవాళ్ళు లేరు.

ఆ గదిలో ఒక ఆచారం ఉంది. బంగారం ఇచ్చినవాళ్ళు పని అయ్యేదాకా ఎదురుగా కూర్చుని, కంసాలి చేతుల వంక రెప్ప వేయకుండా చూస్తారు. మాటలు కలుపుతారు, కుశలాలు అడుగుతారు, చూపు మాత్రం వేళ్ళ మీదనుంచి తియ్యరు. మౌనేశ్ పదేళ్ళ వయసునుంచీ ఆ చూపుల కింద పని చేశాడు. ఎవరినీ తప్పు పట్టలేదు. "వాళ్ళ బంగారం, వాళ్ళ భయం" అనేవాడట తండ్రి.

ఆ ఊళ్ళో అతని చేతుల వంక చూడని మనిషి ఒక్కడే. దస్తగిరి.

దస్తగిరి బోర్డులు రాసేవాడు. బస్టాండునుంచి బజారు దాకా ఎన్నో అంగళ్ళ పేర్లు అతని కుంచెలోంచి దిగినవే. ఫ్లెక్సీలు వచ్చి ఆ కుంచెను అటక ఎక్కించాయి. తర్వాత అతనే ఒక ఫ్లెక్సీ అంగట్లో కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. మౌనేశ్, అతనూ ఐదో తరగతినుంచీ ఒకే బెంచీ. ఒకసారి తన భార్య గౌసియా కమ్మలు విరిగితే తెచ్చి మౌనేశ్ ముందు పెట్టి, "నువ్వు చేస్తా ఉండు, నేను టీ తాగొస్తా" అని వెళ్ళిపోయాడట. టీకి వెళ్ళి గంట తర్వాత వచ్చాడట. ఎదురుగా ఎవరూ లేకుండా వేరేవాళ్ళ బంగారం కరిగించడం మౌనేశ్‌కు జీవితంలో అదే మొదటిసారి. ఈ సంగతి నాకు ఎన్నిసార్లు చెప్పాడో లెక్క లేదు.

కార్డుల పిచ్చి తెచ్చింది దస్తగిరే. బెంగళూరులో అద్దె గది ఖాళీ చేస్తూ ఎవరో పారేసిన చెప్పుల డబ్బా నిండా ఈ కార్డులు అతనికి దొరికాయి. ఆ బొమ్మల్లో గీత చూసి మనసు పారేసుకున్నాడు. జపాన్ అక్షరాలు చదవడం కాదు, ముందు బోర్డు రాసేవాడిలాగా వాటిని గీయడం నేర్చుకున్నాడు. అర్థాలు తర్వాత ఫోనులో వెతికి పట్టుకున్నాడు. ఒక పొడుగు నోటుబుక్కులో ప్రతి కార్డు నంబరూ వేసి, పక్కన అది ఏం చేస్తుందో ముత్యాల్లాంటి అక్షరాలతో తెలుగులో రాశాడు. పేర్లూ వాళ్ళే పెట్టుకున్నారు. 'అలిగిన చీపురు', 'కుంటి పీట', 'అత్తగారి అద్దం'. ఆ నోటుబుక్కు లేకపోతే ఇద్దరికీ ఆట లేదు. ఊరు మొత్తానికి ఆ ఆట తెలిసినవాళ్ళే ఇద్దరు. ఒకరు లేచిపోతే రెండోవాడికి మిగిలేవి బొమ్మల కాగితాలే.

ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఆట. ఏడాదికి రెండుసార్లు ఇద్దరూ కలిసి ఒక కొత్త పెట్టె తెప్పించేవాళ్ళు. ప్యాకెట్లు చాప మీద కుమ్మరించి, కళ్ళు మూసుకుని, ఒకరి తర్వాత ఒకరు ఒక్కొక్కటి తీసుకోవాలి. ఎవరికి ఏది వస్తే అది. ఇది వాళ్ళు పెట్టుకున్న కట్టుబాటు.

మేం ముప్ఫైమందిమీ అలాగే చాప మీద పడ్డాం. దస్తగిరి ఒకటి తీశాడు, మౌనేశ్ ఒకటి తీశాడు. మౌనేశ్ వేళ్ళు మా మీద తిరుగుతూ ఆగుతూ పోతుంటే నాకు విచిత్రంగా అనిపించింది. ఆ వేళ్ళు తడమడం లేదు, తూస్తున్నాయి. ఏడో ఎనిమిదో వంతులో ఆ చేయి నన్ను పట్టుకుని కొంచెం పైకి లేపింది. మౌనేశ్ నోరు జారాడు.

"అబ్బ, ఇంత బరువు ఎప్పుడూ తగల్లేదురా!"

అని, నన్ను మళ్ళీ చాప మీదే పెట్టేశాడు. దస్తగిరి కళ్ళు తెరిచాడు.

"ఏం బరువు?"

మౌనేశ్ నన్ను మిగతావాటి మధ్యలోకి తోసేశాడు.

"కండ్లు మూసుకోని ఉండావు. ఎట్ల తెలిసె నీకు బరువు? తెలిస్తే మళ్ళా యాల కింద పెడితివి?"

దస్తగిరి ఒక ప్యాకెట్ తీసి మౌనేశ్ అరచేతిలో పెట్టాడు. "ఇది?" అన్నాడు. మౌనేశ్ తల వంచుకుని, "లేదు" అన్నాడు. చించాడు, బంగారు కార్డు లేదు. ఇంకోటి పెట్టాడు. "ఇందులో ఉంది." చించాడు, ఉంది. అలా ఏడు చించాడు. ఏడూ సరిపోయాయి. ఆడపిల్లల ముక్కుపుడకల బరువు కూడా వేళ్ళతో చెప్పగల చేయి అది, కార్డుల బరువు చెప్పలేదా? ఏడోది చించాక దస్తగిరి ముఖంలో రంగు లేదు.

"ఎప్పుట్నుంచి?"

"మొదట్లో నాకే తెలీదురా. చేయి దానంతట అదే పొయ్యేది. బంగారువన్నీ నాకే వస్తాంటే అప్పుడు తెలిసింది. తెలిసినంక ఒక్కటి కూడా తీసుకోలేదు. తేలికవే ఏరుకుంటాండా. మూడు పెట్టెల్నుంచి అంతే."

అతను తన నిజాయితీ చెప్పుకున్నాననుకున్నాడు, పాపం. మంచితనం ఒప్పుకుంటే ఎదుటివాడికి సంతోషం కలుగుతుందని మనుషులు ఎందుకనుకుంటారో నాకు ఈనాటికీ అర్థం కాదు.

దస్తగిరి చించిన ప్యాకెట్లను ఒక పక్కకి నెట్టాడు.

"మూడు పెట్టెల్నుంచి మంచియన్నీ నాకే వస్తాన్నాయి గదరా. ఇంటికి పోయి గౌసియాతో చెప్పుకుంటి, నా రాత తిరిగిందే, ఫ్లెక్సీ అంగడి పోయినా ఏదో ఒకటి దొరుకుతాది అంటి. ఆ యమ్మ కూడా నమ్మె. అది నా రాత కాదా? నువ్వు ఏరి నా కాడికి తోసినదా?"

"నీకు రావాల్లనే గదరా..."

"నాకు దానం చేసినావు."

"దానం కాదురా దస్తగిరీ!"

"నువ్వు నన్ను మోసం చేసింటే కొట్లాడి మర్చిపోదును. దయ చూపిస్తివి."

అతను లేచాడు. నోటుబుక్కు చంకలో పెట్టుకున్నాడు. మెట్లు దిగుతుంటే మౌనేశ్ వెనక నిలబడి "రేయ్" అని ఒక్కసారే పిలిచాడు. కింద ఉన్నవాడు వెనక్కి తిరగలేదు.

మిగిలినవాళ్ళందరినీ మౌనేశ్ ఒక సంచిలో పోసి అటక మీద పెట్టాడు. నన్ను మాత్రం పని పెట్టె సొరుగులో, ఆకురాళ్ళ పక్కన, పట్టకార్ల పక్కన పెట్టుకున్నాడు. తాను ఎన్నడూ ఎరగని బరువు నాది. ఆట చరిత్రలోనే దొరకని కార్డు నాలో ఉందని అతని నమ్మకం. "ఇది వాడిది. వాడు వచ్చినప్పుడు వాడి చేత్తోనే చించాల" అన్నాడు నాతో. నాలో ఏమీ లేదయ్యా, మూడు చీటీలున్నాయి అని నేను నెత్తీ నోరూ కొట్టుకున్నాను. కొట్టుకోవడానికి నాకు నెత్తి లేదు, నోరూ లేదు.

నెల తర్వాత నన్ను చొక్కా జేబులో పెట్టుకుని ఫ్లెక్సీ అంగడికి వెళ్ళాడు. దస్తగిరి ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీకి పూలు అతికిస్తున్నాడు. తల ఎత్తి, "రండి ఆచారీ, కూర్చోండి. బాగుండారా?" అన్నాడు. ఐదో తరగతినుంచీ "రేయ్" అన్నవాడు "రండి" అన్నాడు. జేబులో ఉన్న నాకే ఒళ్ళు చల్లబడింది. మౌనేశ్ నన్ను తీసి బల్ల మీద పెట్టాడు.

"ఆ పొద్దు దొరికింది ఇదేరా. నీదే. చించు."

"తూచిన ప్యాకెట్టుతో ఆడేదేముంది? ఏముందో మీకు ముందే తెలుసు. తీస్కపోండి." కుర్రాణ్ణి పిలిచి టీ చెప్పాడు. మర్యాద లోపం ఏమీ లేదు. మౌనేశ్ ఆ టీ మొత్తం తాగాడు. వేడి వేడి టీ, గుక్క గుక్కకీ ఆగుతూ తాగాడు. ఆ కప్పు ఖాళీ అయ్యేలోపు ఏదైనా మాట వస్తుందేమోనని చూశాడు. రాలేదు.

ఆ తర్వాత ఆరేళ్ళు. ఆరేళ్ళని ఒక మాటలో చెప్పేశానని మీరు చులకనగా అనుకోవద్దు, సొరుగులో ఉన్నవాళ్ళకి ఆదివారాలు ఎంత పొడుగుంటాయో మీకు తెలియదు. మొదటి ఏడాది మౌనేశ్ తనతో తానే ఆడాడు. చాపకు ఇటువైపు కాసేపు, అటువైపు కాసేపు కూర్చునేవాడు. నోటుబుక్కు లేదు కాబట్టి సగం కార్డులు ఏం చేస్తాయో గుర్తు రాదు. 'అలిగిన చీపురు' చేతిలో పట్టుకుని దాని పని గుర్తు తెచ్చుకోలేక, అలాగే కూర్చుండిపోయేవాడు. తర్వాత ఆ ఆట కూడా మానేశాడు. వారమంతా ఒక పెద్ద నగల షోరూంలో రిపేర్ల పనికి కుదిరాడు. అక్కడ తల మీద కెమెరా ఒకటి అతని వేళ్ళనే చూస్తుంటుంది. సాయంత్రం పోయేటప్పుడు జేబులు తడుముతారు, చెప్పులు విప్పించి దులుపుతారు. "అదీ ఒకందుకు మేలే. కెమెరా కుశలాలు అడగదు" అని నవ్వాడు నా దగ్గర. ఆ నవ్వు చూసి నాకు ఏడుపొచ్చింది.

ఆదివారం మాత్రం పాత గదికి వచ్చేవాడు. కుంపటి వెలిగించి ఏవో చిల్లర పనులు చేసేవాడు, నన్ను తీసి అరచేతిలో కాసేపు ఉంచుకుని మళ్ళీ సొరుగులో పెట్టేవాడు.

నాలుగో ఏట ఇంకో తప్పు జరిగింది. కుంపటి సెగ తగిలి తగిలి నా కింది అంచు ఒక మూల కొంచెం లేచింది. మౌనేశ్ చూసి కంగారుపడ్డాడు. లోపలికి తేమ పోతే కార్డు పాడవుతుందనుకున్నాడు. తన చిన్న పట్టకారు తీసుకుని, కొన కొంచెం వెచ్చజేసి, ఊపిరి బిగబట్టి ఆ మూలను నొక్కాడు. నగల మీద ఎంత జాగ్రత్తగా నొక్కుతాడో అంత జాగ్రత్తగా. అంచు అతుక్కుంది. పట్టకారు పళ్ళ గుర్తులు మాత్రం వరసగా నా మీద పడ్డాయి. "ఆ, ఇప్పుడు భద్రం" అని తృప్తిగా సొరుగు మూశాడు. నా ఒంటి మీద అంత ప్రేమగా చెయ్యి వేసినవాళ్ళు ఇంకెవరూ లేరు. ఆ ప్రేమే చివరికి అతని మెడకు చుట్టుకుంది.

ఆరో ఏట, ఒక ఆదివారం మధ్యాహ్నం, మెట్ల మీద అడుగుల చప్పుడైంది. మౌనేశ్ చేతిలో ఊదుగొట్టం అలాగే ఆగిపోయింది. దస్తగిరి. సొరుగు సందులోంచి చూశాను, జుట్టు సగం నెరిసింది. చేతిలో ఆ పొడుగు నోటుబుక్కు.

"ఫ్లెక్సీ అంగడి మూసేస్తాండారు. అనంతపురం పోతాండాం, గౌసియా తమ్ముని దగ్గరికి. సామాన్లు సర్దుతాంటే ఇది కనపడె. నా కాడ పెట్టుకోని ఏం చేసుకుంటా? నీ కాడ ఉండనీలే అని తెచ్చినా."

నీ కాడ. మీ కాడ కాదు. మౌనేశ్ ఆ ఒక్క మాట పట్టుకుని మనిషి మనిషంతా వెలిగిపోయాడు. చాప దులిపి పరిచాడు, ఉన్న ఒక్క దిండూ వేశాడు, మంచినీళ్ళు ఇచ్చాడు, ఏం చేయాలో తోచక కుంపటి మీద నీళ్ళు చల్లి ఆర్పేశాడు. దస్తగిరి కూర్చుని, గది నాలుగు వైపులా చూసి, "ఏమీ మార్లేదే" అన్నాడు. గొంతు మెత్తబడింది. ఆరేళ్ళ మంచు కరుగుతున్న చప్పుడు సొరుగులో ఉన్న నాకు వినిపించింది. బయటికి తీయొద్దు, నన్ను తీయొద్దు, ఈ పూట ఆ సొరుగు తెరవొద్దు అని ఎంత మొక్కుకున్నానో.

సొరుగు తెరిచాడు.

"ఇది నీదేరా. ఆ పొద్దునుంచి ముట్టలేదు. పోయే ముందు నీ చేత్తో చించు. చించినంక ఒక్క ఆట ఆడుదాం."

దస్తగిరి నన్ను చూసి చిన్నగా నవ్వాడు. "ఇంకా పెట్టుకోనుండావారా, పిచ్చోడా" అన్నాడు. ఆరేళ్ళ తర్వాత మళ్ళీ ఆ "రా". "సరే, ఇంకేముంది. తూచినదైతే తూచినది. చూద్దాంలే అంత బరువేందో."

పై అంచు పట్టుకుని చించాడు. నాకు నొప్పి తెలియలేదు. గొడుగు, చెప్పు, కూజా, లాంతరు, మళ్ళీ గొడుగు. ఒక్కొక్కటీ చాప మీద పెట్టాడు. ఐదూ అయిపోయాయి. నన్ను తిరగేసి విదిలించాడు. చీటీ పడింది. దాని వెనక ఇంకోటి. దాని వెనక ఇంకోటి.

ఎన్ని వందల ప్యాకెట్లు చించిన చేతులు అవి. ఒక్కదాంట్లో కూడా రెండు చీటీలు చూడలేదు. దస్తగిరి మూడు చీటీలనూ వేళ్ళ మధ్య విడదీసి చూశాడు. నన్ను మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. కింది అంచు దగ్గర బొటనవేలు ఆగింది.

"ఈ పండ్ల గుర్తులేంది?"

"నావేరా. అంచు లేస్తాంటే పట్టకారుతో నొక్కినా. తేమ పోతాదని."

"నొక్కినావు."

"ఔ. సెగకు లేసింది."

దస్తగిరి ముఖంలో వెలుగు మెల్లగా ఆరిపోతుంటే నేను చూశాను. కోపం వచ్చి ఉంటే బాగుండేది. రాలేదు.

"బంగారు కార్డు తీసేసి, మామూలుది పెట్టి, బరువు సరిపెట్టేకి చీటీలు వేసినావు. తూకం సరిగా చూసినావులే. పని తెలిసినోడివి."

"మా నాయన మీద ఒట్టురా. నేను లోపల చూడనే లేదు. బరువుండింది, అందుకే..."

"అమ్ముకున్నా నాకేం లేదురా. అవసరం వచ్చింటాది. అడిగింటే నేనే ఇస్తాంటి. మళ్ళా తెచ్చి నాకే ఇయ్యడమెందుకు?"

తన చేయి తప్పు చెప్పగలదని మౌనేశ్‌కే నమ్మకం లేదు. ఆ చేయి ఎన్నడూ తప్పు చెప్పలేదు. నాలో బంగారం ఉండే తీరాలని తనకే ఇంకా అనిపిస్తుంటే, లేదని ఎదుటివాణ్ణి ఏం నమ్మించగలడు? చాప మీద ఉన్న చీటీల వైపు చేయి చాపాడు. అప్పుడు చూశాను. దస్తగిరి చూపు మౌనేశ్ వేళ్ళ మీద ఉంది. వేళ్ళు ఎటు కదిలితే చూపు అటు కదిలింది. మౌనేశ్ కూడా అది గమనించాడు. పదేళ్ళ వయసునుంచీ ఆ చూపును ఎరిగినవాడు కదా. చాపిన చేయి మెల్లగా వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు.

దస్తగిరి లేచి, గడప దగ్గర ఆగాడు.

"ఆ పొద్దు గౌసియా కమ్మలు ఇస్తి గదా. నేను టీకి పోతి. అయి... సరిగానే ఉండాయి గదా?"

మౌనేశ్ తల ఊపాడు. ఔనని ఊపాడో, మరేమని ఊపాడో అతనికే తెలియదు. దస్తగిరి కూడా తల ఊపి మెట్లు దిగిపోయాడు. నోటుబుక్కు చాప మీదే ఉంది.

చీకటి పడకముందే మౌనేశ్ చేయాల్సిన పని చేశాడు. అద్దాల పెట్టె తెరిచి, త్రాసు ఒక తట్టలో తన దగ్గరున్న పాత బంగారు కార్డు ఒకటి పెట్టాడు. రెండో తట్టలో నాలోని గొడుగు కార్డు, దాని మీద రెండు చీటీలు. చీటీల వైపు తట్ట కొంచెం దిగింది. అర్థమైంది. ఎక్కడో ఎవరో ఆవులించిన సంగతి తప్ప మిగిలిందంతా అర్థమైంది. అతని చేయి తప్పు చెప్పలేదు, బరువు ఉంది, బంగారమే లేదు. ఫోను చేశాడు. గడగడా చెప్పాడు, చీటీలు, త్రాసు, కార్ఖానా, అంటుకోవడం, అన్నీ. అవతల దస్తగిరి చివరి దాకా విన్నాడు.

"సరేలే ఆచారీ. అయిపోయింది గదా. ఇంక దాని మాట ఎందుకు, వదిలేయండి."

కాదని వాదించి ఉంటే మౌనేశ్ ఇంకా వాదించేవాడు. "సరేలే" అన్నవాడితో ఏం వాదిస్తాడు? ఫోను చెవి దగ్గరే పెట్టుకుని, అవతల పెట్టేసిన చాలాసేపటి దాకా అలాగే ఉన్నాడు. తర్వాత పెద్దగా ఏడ్చాడు. నలభై నాలుగేళ్ళ మనిషి, ఎవరూ చూడని చేతులతో ముఖం కప్పుకుని ఏడ్చాడు. నేను చాప మీద చిరిగి పడి ఉన్నాను. నాకు అప్పుడు కూడా గొంతు రాలేదు.

నెలలోపే గది ఖాళీ చేశాడు. త్రాసు, కుంపటి ఎవరో కొనుక్కుపోయారు. కార్డులూ నోటుబుక్కూ ఒక గుడ్డలో మూట కట్టాడు, ఆ మూట ఎటు పోయిందో నేను చూడలేదు. కంసాలి గది ఖాళీ అయితే నేల మీది దుమ్మును కొనుక్కుని, నీళ్ళలో కడిగి, అందులో రాలిన బంగారు పొడి ఏరుకునేవాళ్ళుంటారు. ఒక ముసలామె, ఆమె కోడలు వచ్చి గది మూలమూలలా ఊడ్చి గోనెలోకి ఎత్తారు. ఆ ఊడ్పులో నేనూ ఉన్నాను.

వాళ్ళ వాకిట్లో తొట్టి ముందు కూర్చుని కడుగుతుంటే కోడలి చేతికి నేను తగిలాను. పారేయబోయి ఆగింది.

"అత్తా, ఈ కవరు అంచున ఏందో మెరుస్తాంది సూడు."

పట్టకారు పళ్ళు దిగిన గుంటల్లో బంగారు రజను ఇరుక్కుని ఉంది. ఏళ్ళ తరబడి బంగారం పట్టిన పట్టకారు కదా, నన్ను నొక్కినప్పుడు దాని కొననున్నది నాకు అంటుకుంది. అంటే నాలో బంగారం ఉండింది. మౌనేశ్ దాన్ని తీసుకోలేదు, తెలియకుండా తనే పెట్టాడు. దస్తగిరి బొటనవేలు ఆగింది సరిగ్గా దాని మీదే. ఇంకొంచెం వెలుతురులోకి తిప్పి ఉంటే కనపడేది. కనపడితే మాత్రం ఏమనుకునేవాడు? అది కూడా దొంగ గుర్తే అనుకునేవాడేమో. నాకిప్పుడు మనుషుల గురించి అంత నమ్మకం లేదు.

కోడలు గోటితో ఆ రజను గీకి పళ్ళెంలోకి జార్చింది. ముసలామె తొంగి చూసి, "ఇంతేనా" అంది. నన్ను వాకిలి బయట కాలవ గట్టు మీద పారేశారు. అప్పటినుంచీ ఇక్కడే ఉన్నాను. కడుపు ఖాళీ అయినా, ఆ రెండు చీటీల బరువు మాత్రం ఇంకా నా మీదే ఉన్నట్టుంటుంది.